నాలుగో దారం

మార్చి 4, మంగళవారం

కాదు బావా. నా అతుకు మంచిదే.

నిన్న కంచం ముందు కూర్చుని, అక్క వింటుండగా ఏమన్నావు? "నీ గాజు దారానికి ఊరికే ఏడవడమే పని. అతికిన చెయ్యి ఎలాంటిదో దారమూ అలాంటిదే" అన్నావు. అప్పుడు నా నోట్లో ముద్ద ఉంది. అది మింగేసరికి నువ్వు లేచి చెయ్యి కడిగేసుకున్నావు. నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నా కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఇది నువ్వెలాగూ చదవవు. బస్సు మీద బోర్డు తప్ప నువ్వు చదివింది నేనెప్పుడూ చూడలేదు.

సైరన్ మోగింది, నిజమే. గ్యాసు నింపడం దానంతట అదే ఆగిపోయింది, నిజమే. డ్రైవర్లందరినీ షెడ్డు బయట నిలబెట్టారు, నీ మొదటి ట్రిప్పు పోయింది. ఒక్క నిమిషం లేటైతే ఇల్లు కాలిపోయినట్టు మొహం పెట్టేవాడివి, నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఫోర్‌మన్ చేతి మీటరు పట్టుకుని షెడ్డంతా తిరిగి, "గ్యాసూ లేదు, గీసూ లేదు. ఆ కుర్రాడి అతుకు లూజు" అన్నాడు. ఆయన నోట్లో ఎప్పుడూ విజిల్ ఉంటుంది. అది తీసి ఏం మాట్లాడినా పెద్ద తీర్పులా వినిపిస్తుంది. అందుకే మేమంతా ఆయన్ని విజిల్ సారు అంటాం. నువ్వు దాన్ని తీర్పే అనుకుని ఇంటికి మోసుకొచ్చావు.

అసలు ఆ దారం ఎందుకుందో నీకు తెలుసా? డిపోలో నువ్వు నీ బస్సులోకి ఎక్కించుకునే హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. అంటుకుంటే పట్టపగలు మంట కూడా కంటికి ఆనదు. లీకైతే కింద నిలవదు, సర్రున పైకి పోతుంది. అందుకని కప్పు కింద కాపలా ఉండాలి. మామూలు కాపలా పెడితే అందులో కరెంటు ఉంటుంది. కరెంటున్న చోట ఏ రోజైనా ఒక నిప్పురవ్వ రాలొచ్చు. ఆ ఒక్కటి చాలు. అందుకే గాజు దారం. వెంట్రుకంత సన్నం. అందులో వెలుగు తప్ప ఇంకేం పోదు. దారం కొసన పల్లాడియం అని ఒక లోహం పూత ఉంటుంది. గుడ్డ నీళ్ళు పీల్చినట్టు అది హైడ్రోజన్ పీల్చుకుంటుంది. పీల్చుకున్నాక వెలుగుని సరిగ్గా వెనక్కి పంపదు. షెడ్డుకి ఎంతో దూరంలో, గోడ అవతల గదిలో ఉన్న పెట్టె తిరిగొచ్చే వెలుగుని చూస్తూ ఉంటుంది. వెలుగు తగ్గితే తెర మీద గీత జారుతుంది. కొంచెం జారితే పసుపు దీపం. బాగా జారితే సైరన్. ఇదంతా మా గదిని చూసుకునే దారం మేడమ్ క్లాసులో చెప్పింది. నువ్వు ముందు వరసలో కళ్ళు తెరుచుకుని నిద్రపోయావు. నేను వెనక వరసలో ఉన్నా. చూశా.

కప్పు కింద వరసగా ఉన్న దారాల్లో, సైరన్ మోగించిన నాలుగోదాన్ని ఈరోజు దించి, గదిలోకి తెచ్చి మళ్ళీ అతికాను. అతికే యంత్రం నిప్పురవ్వతోనే గాజుని కరిగిస్తుంది, అందుకని షెడ్డులో దాన్ని తెరవడానికే లేదు. తొక్క వొలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొస తెంచి, రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి మూత వేశా. తెంచేటప్పుడు చిన్న టిక్కుమని వస్తుంది. చెవికి కాదు, వేలికి వినిపిస్తుంది. ఎన్నో పనులు చేశాను, ఏ పనిలోనూ వేలికి ఏమీ వినపడలేదు.

మేడమ్ భూతద్దంలో చూసి, "బాగుంది" అంది. మేడమ్ ఊరికే అనదు.

మార్చి 5, బుధవారం

రోజంతా గీత స్కేలు పెట్టి గీసినట్టే ఉంది. చూశావా మరి?

(బావకి ఈరోజు సెలవు. ఇంట్లో పడుకున్నాడు. డిపోలో ఉండుంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించేవాణ్ణి. మాట్లాడకుండానే.)

మార్చి 6, గురువారం

మళ్ళీ జారింది. సైరన్ దాకా పోలేదు, పసుపు దీపం వెలిగింది.

విజిల్ సారు మీటరు పట్టుకుని పరిగెత్తాడు. పరుగంటే ఆయన పరుగు. ఆయన చేరేసరికి గీత మెల్లగా పైకొచ్చేసింది. మీటరు కుయ్యనలేదు.

"చూశారా మేడమ్? మళ్ళీ ఏమీ లేదు. ఈ పిల్లాడు చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఇదే వరస."

"సార్, మీరు నేల మీద వెతుకుతున్నారు. అది పైకి పోతుంది."

"నాకు చెబుతున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ డిపోలో ఉన్నానయ్యా నేను."

"అప్పుడు డీజిల్ సార్."

మేడమ్ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. లేకపోతే నా నోరు ఇంకా ముందుకే పోయేది. ఆమె తెర మీద గీతని గోరుతో చూపించింది. "అతుకు పుటుక్కున విరిగితే గీత ఒక్కసారిగా పడిపోవాలి. ఇది జారుతోంది, మళ్ళీ లేస్తోంది. అతుకు పెట్టెలో తేమ చేరినా ఇలాగే జరగొచ్చు. నిజంగా గ్యాసు వచ్చినా ఇలాగే జరుగుతుంది. ఇంత చిన్న జారుడులో తేడా చెప్పడం నాకూ కష్టమే."

"నా అతుకులో తేమ లేదు మేడమ్."

"సరే, రేపు కిటికీ దగ్గర కూర్చో. గీత జారినప్పుడు తలెత్తి షెడ్డులో ఏం జరుగుతోందో చూడు."

నాకు కూర్చునే పని ఇవ్వడం అంటే శిక్షే. అక్కకి చెబితే నవ్వింది. "నిన్ను కుర్చీకి కట్టేస్తే తప్ప ఆ మేడమ్ వల్ల కాదు, తాడు ఇచ్చి పంపనా?" అంది.

రేపు గ్యాసే అని తేలాలి. తేలితే విజిల్ సారు మొహం చూడాలి.

మార్చి 7, శుక్రవారం

చూశాను.

బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నింపుకుని వెళ్ళాయి. గీత కదల్లేదు. బావ తన పాపాయిని తెచ్చాడు. (డిపోలో అందరూ ఆయన బస్సుని పాపాయి అంటారు. ఆయనే అంటాడు, మిగతావాళ్ళు వెక్కిరించడానికి అంటారు.) గొట్టం తగిలించాడు. గీత జారింది. గొట్టం తీశాడు. కాసేపటికి గీత లేచింది. పసుపు దీపం దాకా పోలేదు, నేను తప్ప ఎవరూ చూడలేదు.

సాయంత్రం ఇంకోసారి. మళ్ళీ బావ బస్సే. మళ్ళీ జారింది.

ఊరికే అలా కలిసొచ్చి ఉంటుంది.

మేడమ్ పై ఆఫీసుకి వెళ్ళింది, సోమవారం దాకా రాదు. అదొక హాయి.

అక్క నా చొక్కా గుండీ కుట్టింది. వాకిట్లోనే విప్పి దులిపి ఇవ్వమంటుంది, గాజు తునకలుంటాయని. ఒకసారి ఆమె వేలికి గుచ్చుకుంది. కంటికి కనపడదు, వదలదు.

మార్చి 8, శనివారం

అతుకే అయి ఉంటుంది. తేమ పట్టి ఉంటుంది. ఆ రోజు కోపంలో అతికాను కదా.

మార్చి 9, ఆదివారం

బావే మాట కలిపాడు. ఆయన పద్ధతిలో. పొద్దున్నే నా మంచం దగ్గరికి వచ్చి, "ఒరేయ్, బావతో మాట్లాడని బావమరిదికి మా ఇంట్లో టీ ఇవ్వరట, అక్క చెప్పింది" అన్నాడు. నేను నవ్వాపుకున్నా. ఆయన దుప్పటి లాగేశాడు. ఒట్టు అక్కడితో సరి.

ముగ్గురం మెట్ల మీద కూర్చుని టీ తాగాం. అక్క మధ్య మెట్టు మీద, బావ కింద మెట్టు మీద. ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంత బాగున్న ఆదివారం ఈమధ్య లేదు. నాకు ఎక్కడికో పోవాలని కాళ్ళు లాగలేదు కూడా.

బావ పాపాయి గురించి మొదలుపెట్టాడు. ఆ బస్సు కోసం ఆయన ఎన్నేళ్ళు ఎదురుచూశాడో అక్కకి తెలుసు. డీజిల్ బస్సుల పొగకి దగ్గి దగ్గి, చివరికి పొగ రాని బస్సు చేతికొచ్చింది. "దాని వెనక నీళ్ళ ఆవిరి తప్ప ఏమీ రాదే, చెయ్యి పెడితే తడి" అని అక్కకి వందోసారి చెప్పాడు.

"ఆ పాపాయికి రోజూ స్నానం. ఇంట్లో ఒక్క గిన్నె కడగమంటే నడుం నొప్పి" అంది అక్క.

"గిన్నెకి ప్రాణం ఉందా ఏంటి?"

"బస్సుకి ఉందా?"

"ఉంది. నోరు కూడా ఉంది." ఆ మాటతో నా వైపు తిరిగాడు. "గ్యాసు ఎక్కించే నోరు ఉంటుంది చూడు, అందులో రబ్బరు రింగు. మిగతావాళ్ళు దాని మొహం కూడా చూడరు. నేను రోజూ తుడిచి, నా సొంత డబ్బాలోంచి గ్రీజు కాస్త వేలితో రాస్తా. పిల్లలకి పెదాలు పగిలితే వెన్న రాయమూ? అలా. గొట్టం ఎంత మెత్తగా దిగుతుందో."

అక్క కడుపుబ్బ నవ్వింది. నేనూ నవ్వాను.

క్లాసులో మేడమ్ చెప్పింది నాకు గుర్తుంది. గ్యాసుని మంచు కంటే చల్లగా చేసి పంపుతారు. బస్సు నోటి దగ్గర నూనె, గ్రీజు ఏవీ తగలకూడదు. ఆ చలికి గ్రీజు మైనంలా బిగుసుకుపోతుంది. దాంట్లో దుమ్ము అంటుకుంటుంది. రింగు సరిగ్గా కూర్చోదు.

నవ్వాను. ఇంకో టీ అడిగాను.

మార్చి 10, సోమవారం

మేడమ్ తిరిగొచ్చింది. రాగానే, "ఏం చూశావు?" అంది.

విజిల్ సారు కూడా ఉన్నాడు. బావ బస్సు బయట కడుగుతున్నారు, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"అతుకే మేడమ్" అన్నాను.

"ఏంటి?"

"ఆ రోజు ఇంట్లో గొడవైంది. కోపంలో ఉన్నా. చెయ్యి వణికింది. మూత కూడా సరిగ్గా బిగించినట్టు లేదు. తేమ పట్టి ఉంటుంది."

మేడమ్ నన్నే చూసింది. "రెండుసార్లు అతికావు. రెండుసార్లూ వణికిందా?"

"రెండుసార్లూ."

"నేను భూతద్దంలో చూశాను కదా, బాగుంది."

"అప్పుడు బాగుండే ఉంటుంది మేడమ్. తర్వాత..."

"అతికింది నువ్వు. నీ చెయ్యి సంగతి నాకంటే నీకే తెలియాలి. నువ్వు అతుకే అంటే నేను అతుకే అని రాస్తాను."

"అతుకే."

విజిల్ సారు ఎంత సంతోషపడ్డాడంటే, తన టీలో సగం నాకు పోశాడు. "తప్పు ఒప్పుకునేవాడు బాగుపడతాడయ్యా" అన్నాడు. కొత్త దారం వచ్చేదాకా నాలుగోదానికి సైరన్ తీసేద్దామన్నాడు. మేడమ్ కాసేపు ఆలోచించి, మిగతా దారాలు ఉన్నాయి కదా అని తీసేసింది. తెర మీద నాలుగో గీత బూడిద రంగులోకి మారింది. అది ఇంకా గీస్తుంది, కానీ ఎవరినీ పిలవలేదు.

బావ రెండు ట్రిప్పులూ టైముకే పడ్డాయి. ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. అక్క సంతోషం, విజిల్ సారు సంతోషం, బావ సంతోషం. నాకూ సంతోషంగానే ఉంది. ఇంతమందిని సంతోషపెట్టడానికి ఒక చిన్న మాట ఖర్చయింది. నా అతుకు పేరు పోతే పోయింది, ఇంకోటి అతుక్కోవచ్చు.

నాలుగో దారం సరిగ్గా బావ నిలబడే చోటికి పైన ఉంది.

మార్చి 11, మంగళవారం

అంతా బాగుంది.

మార్చి 12, బుధవారం

ఈరోజు మేడమ్ భోజనానికి వెళ్ళినప్పుడు కూర్చున్నాను. నన్ను ఎవరూ కూర్చోమనలేదు.

బావ బస్సు వచ్చింది. బూడిద గీత జారింది. మొన్నటి కంటే కిందికి. సైరన్ మోగిన రోజు కంటే కిందికి. గదిలో ఏ చప్పుడూ లేదు. కిటికీలోంచి బావ కనిపిస్తున్నాడు, ఒక చెయ్యి గొట్టం మీద, ఒక చెయ్యి నడుం మీద, ఎవరితోనో జోకులేస్తున్నాడు.  లేచి తలుపు దాకా వెళ్ళాను. అప్పటికి ఆయన గొట్టం తీసేశాడు.

ఇంకొక్కటి రాయాలి. గురువారం నాడు "గ్యాసే అని తేలాలి" అని రాశాను. తేలింది. తేలిన దగ్గర్నుంచీ కాదని చెబుతూ తిరుగుతున్నాను.

సాయంత్రం డాబా మీద అక్క ఆరిన బట్టలు తీస్తుంటే బావ దుప్పటి మడత పెట్టడానికి అటు కొస పట్టుకున్నాడు. అక్కడే చెప్పేశాను. రింగు, గ్రీజు, గీత, అంతా. అతుకు గురించి నేను చెప్పిన అబద్ధం కూడా.

బావ దుప్పటి కొస వదిలేశాడు. "అంటే నా మీద నిఘా పెట్టావా?"

"నీ మీద కాదు బావా, గీత మీద."

"గీత మీద! ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్నా, గ్రీజు వల్ల పాడైన బండి నేను చూడలేదు. అరిగిపోయేదే గ్రీజు లేక."

"డీజిల్ బండికి బావా. ఇది వేరు. ఆ చలికి గ్రీజు..."

"క్లాసులు చెప్పకు నాకు."

"ఆ క్లాసులో నువ్వు నిద్రపోయావు."

అనకూడదు. అనేశాను. బావ మొహం ఎర్రబడింది.

"సరే. రేపు వెళ్ళి మీ మేడమ్‌కి చెప్పు. నన్ను పాపాయి మీద నుంచి దింపేస్తారు. ఇంకెవడికో ఇస్తారు. నేను మళ్ళీ పొగ మింగుతా. నీకు చల్లగా ఉంటుందా?"

"చెప్పకపోతే నేనే దిగిపోవాలి. దారం చూసిందాన్ని చూడలేదని చెప్పేవాడికి అక్కడ పనేంటి?"

"అదీ సంగతి! మానేయడానికి ఇంకో సాకు దొరికింది. ఒక్క పనిలోనైనా నీ చెప్పులు అరిగాయా?"

"ఇందులో అరగాలనే అడుగుతున్నా బావా!"

నేను అరిచాను. పక్క డాబా మీది ముసలాయన మా వైపు తిరిగి కూర్చున్నాడు, తీరిగ్గా.

అక్క దుప్పటిని తనే ఒంటరిగా మడత పెట్టుకుంది, గడ్డం కింద నొక్కి పట్టి. అది బుట్టలో పెట్టి అప్పుడు అంది.

"ఆయన ఉద్యోగం పోతుందని ఆయన భయం. నీ ఉద్యోగం పోతుందని నీ భయం. ఆ గొట్టం పక్కన రోజూ నిలబడేది ఎవరు? నా మొగుడు పోతాడేమో అన్న భయం ఈ ఇంట్లో నా ఒక్కదానికేనా?"

బుట్ట ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయింది.

 ముసలాయన ఇంకా ఏమైనా ఉందేమోనని చూశాడు. లేదు.

మార్చి 13, గురువారం

పొద్దున లేచేసరికి బావ లేడు. నా కంటే ముందే వెళ్ళిపోయాడు. కోపంతో వెళ్ళాడనుకున్నా. నేను డిపోకి పోయేసరికి మేడమ్ గదిలో టేబుల్ మీద గ్రీజు డబ్బా ఉంది. దాని ముందు బావ, బడిలో బెంచీ ఎక్కిన పిల్లాడిలా.

"చెప్పాల్సింది నేను చెప్పేశా" అన్నాడు నన్ను చూసి. "ఆ గీతల సంగతి నాకు రాదు. అది వీడు చెబుతాడు మేడమ్."

నేను చెప్పాను. నా అతుకు మంచిదేనని, అబద్ధం చెప్పానని. మేడమ్ విజిల్ సారుని పిలిచి షెడ్డులో ఆ వరస మూయించింది, నాలుగో దారానికి సైరన్ మళ్ళీ పెట్టించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"చెయ్యి వణికితే మళ్ళీ అతకొచ్చు. వణకని చెయ్యి వణికిందని నువ్వు చెబితే నేనెక్కడ వెతకాలి? మూడు రోజులు నేను ఆ షెడ్డు మీద ఒక కన్ను మూసి పెట్టాను. నీ మాట మీద."

 బావే అన్నాడు, "మేడమ్, వాడు నా కోసం..."

"తెలుసు. అందుకే ఇంకా కోపం."

విజిల్ సారు ఈరోజు విజిల్ జేబులో పెట్టుకున్నాడు. సోమవారం నాకు పోసిన టీ గుర్తొచ్చిందేమో, నా వైపు చూడలేదు. అయినా నిజం చెప్పాలి, ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు, ఆయనే రింగు తీయించాడు. రింగుకి ఒకవైపు నల్లటి మడ్డి, అందులో ఇసుక. పక్కన గోరు గిల్లినంత చిరుగు. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు. నేను పక్కకి తిరిగాను.

నింపడం అయ్యాక బస్సు లోపలి కవాటం మూసుకుంటుందట, రోడ్డు మీద లీకు ఉండదట. మేడమ్ చెప్పింది. ప్రమాదమంతా షెడ్డులోనే, నింపే ఆ కాసేపే. అక్కకి ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఆ కాసేపూ అక్కడ ఉండేది ఎవరో ఆమెకి ముందే తెలుసు.

బావకి బస్సు ఆపేశారు. క్లాసు మళ్ళీ మొదటి నుంచీ వినాలి, పరీక్ష నెగ్గాలి. అప్పుడు చూస్తామన్నారు. నన్ను ఉంచారు. మేడమ్ మాత్రం నా ప్రతి అతుకునీ కొన్నాళ్ళు రెండోసారి చూస్తానంది. చూడనీ.

మార్చి 15, శనివారం

బావ ఇంట్లో ఉంటే ఇంటికి కష్టం. తలుపు బందులు, కిటికీ గడియలు, అక్క కుట్టు మిషను, అన్నిటికీ నూనె వేశాడు. ఇప్పుడు ఎవరు వచ్చినా మాకు తెలియదు, తలుపు చప్పుడే చెయ్యదు.

నాతో మాట్లాడుతున్నాడు. పొడిపొడిగా. ఉప్పు అందుకో, తువ్వాలు ఎక్కడ, అంతే.

మార్చి 18, మంగళవారం

క్లాసులో కొత్త డ్రైవర్ల మధ్య కూర్చున్నాడు. నేను దారం ముక్కలు చూపించడానికి వెళ్ళాను, మేడమ్ పంపింది. బావ ముందు వరసలోనే. నిద్ర లేదు. ఆయన అడిగిన ప్రశ్నలకి మేడమే ఆవులించింది.

"మేడమ్, మరి పల్లాడియం పీల్చుకున్న గ్యాసు ఎక్కడికి పోతుంది?"

"గాలి తగిలితే వదిలేస్తుంది."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

"అయితే మా బావమరిది కంటే నయం. వాడు దేన్నీ వదలడు."

క్లాసంతా నవ్వింది. నేను దారం ముక్క కింద పడేశాను. నవ్వుతూ వెతుకుతుంటే బావ కూడా వంగి వెతికాడు. "చేత్తో తడమకు బావా, గుచ్చుకుంటుంది" అన్నాను. "మరి దేంతో?" అన్నాడు. టేపు ముక్క చింపి ఇచ్చాను, జిగురు వైపు నేలకి అద్దమని. ఇద్దరం నేలంతా అద్దుకుంటూ పోయాం. దొరికింది ఆయనకే. దీపానికి ఎత్తి పట్టుకుని చూశాడు. "ఇంత సన్నం ఉంటుందని అనుకోలేదురా" అన్నాడు, మెల్లగా, ఎవరికీ వినపడకుండా.

ఇంటికి స్కూటరు మీద కలిసే వచ్చాం. దారంతా ఆయనే మాట్లాడాడు.

మార్చి 20, గురువారం

పరీక్ష నెగ్గాడు. ఒక్క తప్పు. అక్క అందరికీ చెబుతోంది. నేను చదువుకున్న రోజుల్లో కూడా ఈ ఇంట్లో ఇంత హడావుడి లేదు.

రేపు పాపాయిని తిరిగి ఇస్తున్నారు.

మార్చి 21, శుక్రవారం

డైరీ సంచిలో పెట్టుకుని డిపోకి తెచ్చాను. గది బయట మెట్టు మీద కూర్చుని రాస్తున్నా. ఎండ బాగుంది. కొత్త రింగు వేశారు. పాపాయిని కడిగి షెడ్డు ముందు పెట్టారు, బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు, ఏదీ ముట్టుకోకుండా. నాకు నవ్వొస్తోంది.

నాలుగో గీత ఆకుపచ్చగా ఉంది. ఇందాకే మేడమూ నేనూ చిన్న సీసాలోంచి, గాలి కలిపిన గ్యాసు దాని మీదికి వదిలి చూశాం. జారింది, లేచింది, సైరన్ పలికింది. మేడమ్ భూతద్దం తీయలేదు ఈసారి. "నీ అతుకే కదా" అని ఊరుకుంది.

నాకు ఇక్కడ ఉండాలని ఉంది. ఈ మాట ఇంతకు ముందు ఎక్కడా రాయలేదు. ఎక్కడ పని చేసినా గేటు వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇక్కడ కిటికీ వైపు

విజిల్ సారు అరుస్తున్నాడు. బస్సు వరసలోకి వచ్చేసిందట. "తెర ముందు ఎవరో ఒకరు కూర్చోండయ్యా, కానీండి, టైమవుతోంది!"

బావ గొంతు. "ఎవరో ఒకరు కాదు సార్. మా బావమరిది ఏడి? వాడు కూర్చున్నాడని చెబితేనే నేను గొట్టం ముట్టుకుంటా."

"ట్రిప్పు లేటవుతుందయ్యా!"

"అవనీండి సార్."

బావ అన్నాడా ఆ మాట? బావే. మళ్ళీ అంటున్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు, వెళ్ళాలి.